జెండర్ స్టడీసా, ఎంఎస్‌డబ్ల్యూనా, సోషియాలజీనా, లానా? వరంగల్‌లో డిగ్రీ అయిపోతున్నవాళ్ళకు

సంక్రాంతి సెలవుల్లో మా ఇంటికి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. వాళ్ళది శాయంపేట మండలం. పత్తి, మిర్చి వేస్తారు. అమ్మాయి హనుమకొండలో బీఏ ఫైనలియర్. నాన్న కుర్చీ అంచు మీద కూర్చుని, భుజం మీది తువ్వాల తీసి మోకాళ్ళ మీద మడతపెడుతూ అడిగాడు: “జెండర్ స్టడీస్ సదువుతనంటది బిడ్డ. గదేం సదువమ్మా? నౌకరి వస్తదా?”

అమ్మాయి తల దించుకుంది. నాకైతే ఆ ప్రశ్న నచ్చింది. రెండెకరాల మీద బతికే మనిషి బిడ్డను ఇంకో రెండేళ్ళు చదివించాలంటే మొదట అడగాల్సింది అదే. నేను ఆ సబ్జెక్టులోనే ఎంఏ చేశాను. ఇక్కడ తెలుగు మీడియంలో బీఏ చదివి, హైదరాబాద్ వెళ్ళి, చదువయ్యాక మళ్ళీ వరంగల్‌కే వచ్చి ఊళ్ళల్లో ఆడవాళ్ళతో పని చేస్తున్నాను. ఆ పూట వాళ్ళిద్దరికీ చెప్పినదే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చదువుగా చూస్తే జెండర్ స్టడీస్ నా బుర్రను మార్చినంతగా ఇంకేదీ మార్చలేదు. నౌకరి తెచ్చే కాగితంగా చూస్తే మాత్రం మన జిల్లాల్లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), లా దానికంటే ముందుంటాయి. రెండూ నిజమే. మీ ఇంటి పరిస్థితి ఏమిటి, మీకు ఏ పని చేయాలని ఉంది అనేదాన్ని బట్టి ఏది ముందు, ఏది తర్వాత అనేది తేలుతుంది.

ఒకే ఇల్లు, నాలుగు చదువులు

సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలియదు. అన్నింట్లోనూ కుటుంబం, కులం, అసమానత అనే మాటలే కనిపిస్తాయి. అందుకే ఆ తండ్రికి నేను చూసిన ఒక ఇంటి సంగతి చెప్పాను.

భర్త మూడెకరాలు కౌలుకు తీసుకుని పత్తి పెట్టాడు. వరుసగా రెండేళ్ళు పంట పోయింది. అప్పు మిగిలింది. ఒక రాత్రి పురుగుల మందు తాగాడు. భార్యకు ముప్ఫై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లలు. 2018లో మొదలైన రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ళ పట్టాదారు చనిపోతే నామినీకి 5 లక్షలు వస్తాయి. ఇక్కడ పట్టా భూమి ఓనరుది. కాబట్టి ఈమెకు ఏమీ రాలేదు. నేను వెళ్ళేసరికి ఆమె అరుగు మీద కూర్చుని, ఒక ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి నేల మీద పరుస్తోంది. ఎరువుల దుకాణం బిల్లులు, మార్కెట్ యార్డులో పంట అమ్మినప్పుడు తూకం, ధర రాసిచ్చిన తక్‌పట్టీలు, ప్రామిసరీ నోటు జిరాక్సు. ఏ కాగితం చూసినా భర్త పేరే. వాటిలో ఏదైనా పనికొస్తుందేమో చూడమని నాకిచ్చింది.

ఎంఎస్‌డబ్ల్యూ చదివిన మనిషి ఆ అరుగు మీదే కూర్చుంటుంది. పింఛను దరఖాస్తు పెట్టిస్తుంది, పిల్లలకు గురుకులంలో సీటు కోసం తిరుగుతుంది, ఆమె తింటోందా, రాత్రి నిద్రపోతోందా కనుక్కుంటుంది, వారం తర్వాత మళ్ళీ వస్తుంది. లా చదివిన మనిషి ఆ నోటు చేతిలోకి తీసుకుంటుంది. అది చెల్లుతుందా, మామగారి భూమిలో భర్త వాటా ఈమెకు దక్కుతుందా, 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం ప్రకారం పుట్టింట్లో ఈమె హక్కు ఏమిటి అని చూస్తుంది. సోషియాలజీ చదివిన మనిషి ఆ ఇంటి దగ్గర్నుంచి ఊరంతా తిరుగుతుంది. భూమి ఎవరిది, కౌలు ఎవరు చేస్తున్నారు, ఏ కులం వాళ్ళకు బ్యాంకు అప్పు ఇస్తుంది, ఎవరు వడ్డీకి తెచ్చుకుంటున్నారు అని లెక్క తీస్తుంది.

జెండర్ స్టడీస్ చదివిన మనిషిని మాత్రం ఒక ప్రశ్న పట్టుకుని వదలదు. ఈమె రైతా, రైతు భార్యా?

పదిహేనేళ్ళుగా విత్తనం పెట్టింది ఈమె. కలుపు తీసింది, పత్తి ఏరింది, కూలీలను పిలుచుకొచ్చింది, గొడ్డుగోదా చూసుకుంది, మధ్యలో ఇద్దరు పిల్లల్ని కంది. ఏ కాగితం మీదా ఈమె రైతు కాదు. ఎవరు తీర్మానించారు ఆ మాట? పత్తి ఏరడం ఆడవాళ్ళ పని, తక్‌పట్టీ మీద సంతకం మగవాళ్ళ పని అని ఎప్పుడు, ఎట్లా అయింది? ఇంట్లో చేసే పనికి లెక్కా జమా ఎందుకు లేదు? అవతలి వైపు నుంచీ అడగాలి. అప్పు తీర్చలేకపోవడం ఒక మగవాడికి ప్రాణం తీసుకునేంత అవమానం ఎందుకైంది? ఆ రాత్రి భార్యతో ఒక్క మాట కూడా చెప్పుకోలేనంతగా అతన్ని ఎవరు పెంచారు?

జెండర్ అంటే ఆడవాళ్ళ గురించిన చదువు అని చాలామంది అనుకుంటారు. మగతనం ఎట్లా తయారవుతుంది, 2014 సుప్రీంకోర్టు తీర్పు దాకా ట్రాన్స్‌జెండర్ మనుషులకు చట్టం మూడో జెండర్‌గా గుర్తింపు ఎందుకివ్వలేదు అన్నవీ అందులో పాఠాలే. నా క్లాసులో అబ్బాయిలూ ఉన్నారు.

నేను ఇది చెప్పినంతసేపూ ఆ నాన్న మాట్లాడలేదు. చివరికి, “మా ఇంటిదాని పేరు మీద సుత ఏం లేదమ్మా” అన్నాడు.

నోటిఫికేషన్‌లో ఆ ఒక్క లైను

ఇప్పుడు చేదు సంగతి. ఎంఏ అయిన ఏడాది నేను ఒక కాంట్రాక్టు కౌన్సెలర్ పోస్టుకు దరఖాస్తు పెట్టాను. చేయబోయే పని సరిగ్గా నేను చదివిందే. సర్టిఫికెట్లు చూసే రోజు కౌంటర్ దగ్గరున్నాయన నోటిఫికేషన్ మీద వేలు పెట్టి చదివాడు: సోషల్ వర్క్, సోషియాలజీ, సైకాలజీ, లా. “మీ సబ్జెక్టు ఇందులో లేదు మేడమ్.” మార్కుల మెమోలు చూపించాను, పేపర్ల పేర్లు చదివి వినిపించాను. ఓపిగ్గానే విన్నాడు. ఫైలు మూసి నా చేతికిచ్చాడు. ఆ రోజు బస్టాండ్ దాకా ఏడుస్తూ నడిచాను. నా బాధ మీకు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

2022లో అప్పటి టీఎస్‌పీఎస్సీ మహిళా శిశు సంక్షేమ శాఖలో 181 గ్రేడ్-1 సూపర్‌వైజర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అందులోనూ అర్హతగా హోం సైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ లాంటి డిగ్రీలను పేరుపేరునా రాశారు. ఆడవాళ్ళ కోసం ఉన్న శాఖలో, ఆడవాళ్ళ కోసమే ఉన్న పోస్టులో, జెండర్ స్టడీస్ అనే మాట లేదు. ఇది మారాలి. మారేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది: మీరు కోరుకునే పోస్టుల పాత నోటిఫికేషన్లు రెండు మూడు తీసి, అర్హత దగ్గర ఏం రాశారో చదివి, ఆ తర్వాతే కోర్సు ఎంచుకోండి. డిగ్రీలో సోషియాలజీ ఒక సబ్జెక్టుగా ఉన్నవాళ్ళకు ఈ ఇబ్బంది కొంత తక్కువ. ఇంటర్ అయ్యి ఇప్పుడే డిగ్రీ గ్రూపు ఎంచుకుంటున్న చెల్లెళ్ళు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

లెక్చరర్ ఉద్యోగం సంగతి కూడా ఇట్లాగే ఉంది. లెక్చరర్ అర్హత కోసం రాసే రాష్ట్ర సెట్ పరీక్షలో 29 సబ్జెక్టులున్నాయి. సోషియాలజీ ఉంది, సోషల్ వర్క్ ఉంది, లా ఉంది. విమెన్స్ స్టడీస్ లేదు. దేశమంతటికీ పెట్టే అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో మాత్రం ఉంది, కోడ్ 74, జెండర్ స్టడీస్ వాళ్ళూ అదే రాస్తారు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్ళు నెలకు 37,000 ఫెలోషిప్. మన ఊళ్ళనుంచి వెళ్ళిన అమ్మాయికి అది చిన్న మొత్తం కాదు. ఇంటి మీద భారం పడకుండా ఐదేళ్ళు చదువుకోవచ్చు. అయితే పీహెచ్‌డీ తర్వాత పర్మనెంట్ పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. యూనివర్సిటీల్లో విమెన్స్ స్టడీస్ సెంటర్లు చిన్నవి.

జెండర్ స్టడీస్ ఎక్కడ, ఎట్లా ఉంటుంది

మనకు దగ్గర్లో గచ్చిబౌలిలోని యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్, మనం సెంట్రల్ యూనివర్సిటీ అనేది అదే. అక్కడి విమెన్స్ స్టడీస్ సెంటర్‌లో జెండర్ స్టడీస్ ఎంఏ ఉంది. టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్ క్యాంపస్‌లో విమెన్స్ స్టడీస్ పేరుతో ఉంది. ఇంకా దూరం వెళ్ళగలిగితే ఢిల్లీలో అంబేద్కర్ యూనివర్సిటీ. రెండు పేర్లున్నా చదివేది దాదాపు ఒకటే.

మనవాళ్ళు ఎక్కువగా తప్పిపోయేది తేదీల దగ్గర. కాకతీయ, ఉస్మానియా, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీల పీజీ సీట్లకు రాసే ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీపీగెట్ నోటిఫికేషన్ సాధారణంగా మే, జూన్‌లో వస్తుంది. సెంట్రల్ యూనివర్సిటీకి, టిస్‌కు రాయాల్సిన జాతీయ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ దరఖాస్తులు డిసెంబర్, జనవరిలోనే మొదలవుతాయి, పరీక్ష మార్చిలో. ఫైనలియర్ రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అనుకునేసరికి ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది. ప్రతి ఏడు జూన్‌లో నాకు ఫోన్ చేసి “అక్కా, ఇప్పుడు అప్లై చేయొచ్చా” అని అడిగేవాళ్ళు ఉంటారు. లేదు చెల్లె అని చెప్పడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

ఇంగ్లీష్ గురించి నిజం చెప్పాలి. మొదటి సెమిస్టర్‌లో రేపటి క్లాసుకు ఇరవై ఐదు పేజీల వ్యాసం చదువుకు రమ్మన్నారు. రాత్రి పదకొండింటికి హాస్టల్లో కూర్చుంటే రెండింటికి నాలుగు పేజీలు అయ్యాయి. ప్రతి రెండో మాట మీద పెన్సిల్‌తో తెలుగు అర్థం రాసుకున్నాను. ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి, అచ్చు కంటే పెన్సిలే ఎక్కువ కనిపిస్తుంది. దసరా సెలవులకు ఇంటికొచ్చి మానేస్తానన్నాను. అమ్మ పంపించింది కాబట్టి మళ్ళీ వెళ్ళాను. మూడో సెమిస్టర్‌కు పెన్సిల్ అవసరం తగ్గింది. ఇప్పుడే మొదలుపెట్టాలనుకునేవాళ్ళు రోజుకో ఇంగ్లీష్ పేపర్ ఎడిటోరియల్ చదవడం అలవాటు చేసుకోండి, పరీక్షకూ పనికొస్తుంది.

భాష అడ్డు తొలగాక ఆ క్లాసులో కూర్చోవడం ఎట్లా ఉంటుందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ళ బృందం 1980ల్లో ఊళ్ళు తిరిగి రికార్డు చేసింది. ఆ మాటలు మాకు పాఠంగా వచ్చాయి. తుపాకీ పట్టినవాళ్ళు, అడవుల్లో దళాలకు అన్నం మోసినవాళ్ళు, పోరాటం అయ్యాక ఇంటికి వెళ్ళి వంట చేసుకోమంటే ఏమనిపించిందో చెప్పుకున్న మాటలు. పాలకుర్తి ఐలమ్మ మన పక్క మనిషి, చిన్నప్పట్నుంచి పేరు వింటూనే ఉన్నాం. కానీ ఒక చాకలి ఆడమనిషి తన పంట తనదేనని దొర మీద నిలబడితే అందులో కులం ఎంత, భూమి ఎంత, ఆడతనం ఎంత అని విడదీసి ఆలోచించడం నాకు అక్కడే వచ్చింది. మా అమ్మమ్మ మాటలు అంతకుముందు నేను ఎన్నడూ రాసిపెట్టుకోలేదు. ఆ సెలవుల్లో రాసుకున్నాను.

మన దేశంలో ఈ సబ్జెక్టుకు యాభై ఏళ్ళ చరిత్రే ఉంది. 1974లో ఆడవాళ్ళ స్థితిగతుల మీద ప్రభుత్వం వేసిన కమిటీ ఇచ్చిన రిపోర్టు చాలామందిని కుదిపింది. 1985లో హైదరాబాద్‌లో అన్వేషి అనే స్త్రీల పరిశోధన కేంద్రం మొదలైంది. 1986 జాతీయ విద్యావిధానం విమెన్స్ స్టడీస్‌ను ప్రోత్సహించాలంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇప్పుడు జెండర్ సెన్సిటైజేషన్ క్లాసు ఉందంటే దాని వెనక ఈ మనుషుల శ్రమే ఉంది.

మిగతా మూడు

ఎంఎస్‌డబ్ల్యూ కాకతీయ యూనివర్సిటీలోనే ఉంది. ఇంటి నుంచి వచ్చిపోవచ్చు, ఇప్పుడు అమ్మాయిలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులో జీరో టికెట్ కూడా ఉంది. దీని బలం ఫీల్డ్‌వర్క్. థియరీ క్లాసులతో పాటు ఏదో ఒక సంస్థలో, ఆస్పత్రిలో, బస్తీలో పని చేయాల్సిందే. 2015లో కేంద్రం మొదలుపెట్టిన వన్ స్టాప్ సెంటర్లు, అంటే మన సఖి కేంద్రాలు, పోలీసు వాళ్ళ భరోసా కేంద్రాలు, జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు, ఇవన్నీ మొదట అడిగేది ఈ డిగ్రీనే. ఒక బాధ ఉంది. ఇందులో చాలా పోస్టులు కాంట్రాక్టువి, అవుట్‌సోర్సింగ్‌వి. పని బరువు చాలా ఎక్కువ, జీతం తక్కువ, అదీ నెలనెలా టైముకు రాకపోతే టెన్షన్. రోజంతా ఇంకొకరి కష్టం వినే పని కాబట్టి మనసు గట్టిగా ఉండాలి. మీకు మనుషుల మధ్య ఉండటం ఇష్టమైతే ఇదే మీ చదువు.

లా మూడేళ్ళు. లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి హనుమకొండ సుబేదారి లా కాలేజీలో చేరొచ్చు. ఈ నాలుగింట్లో సొంత కాళ్ళ మీద నిలబడటానికి ఎక్కువ అవకాశం దీనికే ఉందని నేను నమ్ముతాను, అయితే ఎక్కువ ఓపిక అడిగేదీ ఇదే. సీనియర్ దగ్గర మొదటి రెండు మూడేళ్ళు చేతికి పెద్దగా ఏమీ రాదు. ఆ కాలం ఇంట్లోవాళ్ళు మోయగలరా అని ముందే మాట్లాడుకోండి. గృహహింస చట్టం 2005లో వచ్చింది, ఇరవై ఏళ్ళయింది. ఆ చట్టం కింద ఒక కేసును విసుక్కోకుండా వాదించే ఆడ లాయరు కోసం మేము ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాం.

సోషియాలజీ గ్రూప్స్ రాసేవాళ్ళకు బాగా కలిసొస్తుంది. గ్రూప్-2 రెండో పేపర్లో సామాజిక నిర్మాణం, సమస్యలు, ప్రభుత్వ విధానాలు అని ఒక భాగమే ఉంది. వెట్టి, జోగిని, దేవదాసీ, బాలకార్మికులు, వలస, ఆడపిల్ల, అన్నీ అందులోవే. సివిల్స్‌కు ఆప్షనల్‌గా తీసుకోవచ్చు, సెట్ రాయొచ్చు. జెండర్ మీద ఒకటి రెండు పేపర్లు ఇందులోనూ వస్తాయి.

ఎవరు ఏది తీసుకోవాలి

చదువైన ఏడాదిలోపే జీతం ఇంటికి రావాల్సిన పరిస్థితి మీది అయితే ఎంఎస్‌డబ్ల్యూ తీసుకోండి, జెండర్ స్టడీస్‌ను పక్కన పెట్టుకోండి. పక్కన పెట్టుకోవడం అంటే వదిలేయడమని కాదు. ఇగ్నోలో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) విమెన్స్ అండ్ జెండర్ స్టడీస్‌లో పీజీ డిప్లొమా ఉంది, జెండర్ అండ్ డెవలప్‌మెంట్‌లో ఎంఏ కూడా ఉంది, దూరవిద్యలో చేయొచ్చు. 2022 నుంచి యూజీసీ ఒక రెగ్యులర్ కోర్సు, ఒక దూరవిద్య కోర్సు ఒకేసారి చదవడానికి ఒప్పుకుంది. కాబట్టి కాకతీయలో ఎంఎస్‌డబ్ల్యూ చదువుతూనే ఆ డిప్లొమా పూర్తి చేయొచ్చు. మన ప్రాంతం అమ్మాయిలకు నేను ఎక్కువగా చెప్పే దారి ఇదే. లా చదువుతున్నవాళ్ళకూ ఇది బాగా నప్పుతుంది. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, అందులో ఒకరు బయటినుంచి రావాలి. చట్టమూ తెలిసి జెండరూ తెలిసిన మనిషి దొరకడం వరంగల్‌లో చాలా కష్టం. కాలేజీలు, ఆస్పత్రులు, షోరూములు, ఎన్ని ఉన్నాయో చూడండి.

పరిశోధన ఇష్టమైతే, రాయడం ఇష్టమైతే, నాలుగైదేళ్ళు పర్మనెంట్ జీతం లేకపోయినా తట్టుకోగలిగితే ఏ అనుమానం లేకుండా జెండర్ స్టడీస్ ఎంఏకే వెళ్ళండి. సర్వేలు, పరిశోధన ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థల్లో ప్రోగ్రామ్ ఆఫీసర్ పనులు, కంపెనీల్లో శిక్షణ ఇచ్చే పనులు, అనువాదం, పీహెచ్‌డీ, ఇవన్నీ ఉన్నాయి. ఎక్కువ భాగం హైదరాబాద్‌లోనే దొరుకుతాయి, అక్కడ ఉండటానికి సిద్ధపడాలి. మన దగ్గర అడగాల్సిన ప్రశ్నలు మాత్రం కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళ వెన్నునొప్పి, మొగుడు గల్ఫ్‌లో ఉంటే ఇల్లు నడిపే భార్యల పెత్తనం, ములుగు అడవుల్లో తునికాకు కూలి, తండాల్లో పెళ్ళిళ్ళు. వీటి మీద ఇక్కడి భాష తెలిసినవాళ్ళు పని చేస్తే ఆ పని బరువే వేరు.

ఇష్టం ఉంది, ఇంట్లో ఒప్పుకోవడం లేదు అనేవాళ్ళకు ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిందని తేలింది. అట్లాంటి చోట డిగ్రీ దాకా చదివించిన అమ్మానాన్న మీ శత్రువులు కారు. వాళ్ళతో సమానత్వం గురించి వాదన పెట్టుకోకండి. ఏ కోర్సు, ఎక్కడ, హాస్టల్ ఉందా, ఫీజు ఎంత, స్కాలర్‌షిప్ ఎంత, తర్వాత ఏ పరీక్ష రాస్తావు, ఒక కాగితం మీద రాసి నాన్న చేతికివ్వండి. ఇంకెవరైనా చదివి వచ్చినవాళ్ళుంటే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి, ఆ అమ్మాయి నా దగ్గరికి తీసుకొచ్చినట్టు.

ఆ రోజు మా మాటలు అయ్యేసరికి మధ్యాహ్నం రెండైంది. రెండూ రాయాలని తేల్చుకున్నారు. సీయూఈటీ మార్చిలో, సీపీగెట్ ఆ తర్వాత. సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్‌తో సీటొస్తే అది, రాకపోతే ఇక్కడే ఎంఎస్‌డబ్ల్యూ, దాంతోపాటు ఇగ్నో డిప్లొమా. ముగ్గురం నయీంనగర్‌లో నెట్ సెంటర్‌కు వెళ్ళాం. కుర్రాడు గబగబా టైప్ చేస్తూ పోతున్నాడు. తండ్రి వృత్తి అన్న దగ్గర వ్యవసాయం అని పెట్టాడు. తల్లి వృత్తి దగ్గర, అడక్కుండానే, హౌస్‌వైఫ్ అని కొట్టి కిందికి వెళ్ళబోయాడు.

“అన్నా, ఆగు. పైకి పో. అది తీసెయ్” అంది ఆ అమ్మాయి.

కుర్రాడు వాళ్ళ నాన్న వైపు చూశాడు.

“వ్యవసాయమే రాయి బిడ్డా” అన్నాడాయన.